కాంటెస్సా ఇంజిన్ వేసిన జీపుకు పెట్రోలు రెగ్యులేటర్ అమర్చడం: పంపు, పైపులు, రిటర్న్ లైను

గట్టుమీద జీపు (భీమవరం)

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో ఉన్న పాత మహీంద్రా జీపుకు కాంటెస్సా కారులో వచ్చిన 1.8 లీటర్ల ఇసుజు పెట్రోలు ఇంజినునూ, దానితో వచ్చిన ఐదు గేర్ల బాక్సునూ వేయించి హాట్ రాడ్ (పాత బండికి బలమైన వేరే ఇంజిన్ వేసే) పద్ధతిలో సిద్ధం చేయించుకున్నాను. బాడీ ఆకారాన్ని ముట్టుకోలేదు. ఇంజిన్ మార్పును రవాణా శాఖ అనుమతితో ఆర్‌సీలో ఎక్కించాను కాబట్టి ఆ చర్చ ఇక్కడ వద్దని మనవి.

ఇబ్బంది అంతా పెట్రోలు సరఫరాలోనే ఉంది. ఇంజిన్ పక్కన క్యామ్‌షాఫ్టుతో నడిచే అసలు పంపు డయాఫ్రమ్ (లోపల పెట్రోలును తోసే పొర) చిరిగిపోయింది, దానికి కిట్టు దొరకలేదు. షెడ్డులో ఆ పంపు చోటును రేకుతో మూసేసి, ఇంజెక్షన్ కార్ల ట్యాంకులో ఉండే ఎలక్ట్రిక్ పంపును తెచ్చి ఛాసిస్‌కు బిగించి, దాని పైపును నేరుగా కార్బొరేటర్‌కు (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు ఇచ్చే భాగానికి) కలిపారు. అప్పటినుంచి ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడిచేటప్పుడు) నల్లపొగ వస్తోంది, గాలి పోయే కార్బొరేటర్ గొంతులో పెట్రోలు నిలుస్తోంది, ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఆపితే మళ్లీ అందుకోవడానికి చాలాసేపు సెల్ఫ్ కొట్టవలసి వస్తోంది. ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉండటం వల్ల ఆ వాసనకు నాకు నిజంగానే భయం వేస్తోంది. పెట్రోలు పీడనాన్ని తగ్గించే రెగ్యులేటర్ పెడితే సరిపోతుందని కొందరు చెప్పగా 1 నుంచి 4 పీఎస్‌ఐ (పీడనం కొలత, చదరపు అంగుళానికి పౌన్లు) వరకు సరిచేసుకోగలిగినది ఒకటి తెప్పించాను. దానికి ఒక ఇన్‌లెట్, రెండు అవుట్‌లెట్లు ఉన్నాయి. దీన్ని ఎక్కడ బిగించాలి, పైపులు ఏవి వాడాలి, ఎంతకు సెట్ చేయాలి అన్నవి తెలిసినవారు వివరించగలరు.

లేతు మాస్టారు (తణుకు)

రెగ్యులేటర్ బిగించే ముందు, తప్పు పంపుదా, కార్బొరేటర్ లోపలిదా అన్నది తేల్చుకోవడం మంచిదండి. దానికి మన షెడ్లలో అందరికీ తెలిసిన బాటిల్ పద్ధతి చాలు. పంపు పైపును కార్బొరేటర్ దగ్గర విప్పి మూసేసి, అర లీటరు పెట్రోలు పట్టే డబ్బాను కార్బొరేటర్ కంటే అర మీటరు ఎత్తున వేలాడదీసి, అందులోంచి నేరుగా పెట్రోలు ఇవ్వండి. పెట్రోలు 1 మీటరు ఎత్తున ఉంటే కింద సుమారు 1 పీఎస్‌ఐ పీడనం వస్తుంది. అంటే మీ డబ్బా ఇచ్చేది అర పీఎస్‌ఐ మాత్రమే. ఆ మాత్రం పీడనానికి కూడా గొంతులో పెట్రోలు కారితే కార్బొరేటర్ గిన్నెలో తేలే ఫ్లోటుకు చిల్లైనా పడి ఉండాలి, గిన్నె నిండగానే ఆ ఫ్లోటు మూసే నీడిల్ వాల్వు అయినా అరిగి ఉండాలి. అప్పుడు ఎంత మంచి రెగ్యులేటర్ పెట్టినా ఫలితం ఉండదు. డబ్బాతో ఇంజిన్ నిలకడగా ఐడిల్ అయితే కార్బొరేటర్ బాగున్నట్టే. ఈ పరీక్షను ఐడిల్ వరకే, ఆరుబయట, చేతికందే దూరంలో అగ్నిమాపక సిలిండర్ పెట్టుకుని చేయండి. డబ్బా ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ (ఇంజిన్ నుంచి వేడి పొగ బయటకు పోయే గొట్టాలు) పైన మాత్రం ఉండకూడదు.

గట్టుమీద జీపు (భీమవరం)

మాస్టారు గారూ, మీరు చెప్పినట్టే చేయించాను. డబ్బాతో ఇంజిన్ చక్కగా ఐడిల్ అయింది, పొగ లేదు, గొంతులో చుక్క కూడా కారలేదు. పంపు పైపు మళ్లీ కలిపిన నిమిషంలోనే పాత కథ మొదలైంది.

వశిష్ఠ ఒడ్డు (నరసాపురం)

రెగ్యులేటర్‌కు అంత ఖర్చెందుకండి? కార్బొరేటర్‌కు వెళ్లే పైపులో మోటారు సైకిలు జెట్ (సన్నటి రంధ్రం ఉన్న ఇత్తడి ముక్క) ఒకటి ఇరికిస్తే పెట్రోలు తగ్గి వస్తుంది. మా వైపు పడవల ఇంజిన్లకు కూడా ఇలాగే చేస్తారు.

లేతు మాస్టారు (తణుకు)

వశిష్ఠ ఒడ్డు గారూ, ఈ సలహా చాలామంది ఇస్తారు కాబట్టి కాస్త వివరంగా జవాబిస్తాను. సన్నటి రంధ్రం ప్రవాహాన్ని తగ్గిస్తుంది గాని పీడనాన్ని తగ్గించదు. కాలువ తూమును సగమే ఎత్తినా, దిగువన నీరు పోయే దారి మూసి ఉంటే, కాసేపటికి దిగువ మట్టం ఎగువ మట్టానికి సమానమైపోవడం మనమందరం చూసినదే. కార్బొరేటర్ గిన్నె నిండి నీడిల్ మూసుకున్నప్పుడు పైపులో ప్రవాహం ఉండదు. ప్రవాహం లేనప్పుడు ఆ జెట్‌కు అటూ ఇటూ పీడనంలో తేడా కూడా ఉండదు కాబట్టి పంపు పూర్తి బలమూ నీడిల్ మీద పడుతుంది.

ఆ బలం ఎంతో లెక్క వేసి చూద్దాం. నీడిల్ కూర్చునే సీటు రంధ్రం 2 మిల్లీమీటర్లు అనుకుంటే, 3 పీఎస్‌ఐ పీడనం వద్ద నీడిల్‌ను తోసే బలం సుమారు 7 గ్రాముల బరువుతో సమానం. ఇంజెక్షన్ పంపు పనిచేసే 3 బార్ వద్ద, అంటే సుమారు 43 పీఎస్‌ఐ వద్ద, అదే నీడిల్ మీద పడేది 95 గ్రాములకు పైమాటే. పెట్రోలులో తేలే చిన్న ఫ్లోటు తన మీట సాయంతో 7 గ్రాములను సునాయాసంగా ఆపుతుంది. 95 గ్రాములను ఆపలేదు. గట్టుమీద జీపు గారి కార్బొరేటర్‌లో జరుగుతున్నది ఇదే, కార్బొరేటర్‌ది ఏ తప్పూ లేదు.

అందువల్ల నా ఉద్దేశంలో మొదట మార్చవలసింది పంపు. రెగ్యులేటర్ తరవాతి మాట.

పాలకొల్లు వాడు (టెక్సాస్)

మాస్టారు గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నేను ఇక్కడ 1932 ఫోర్డ్ నమూనా బాడీ, షెవర్లే 350 వీ8 ఇంజిన్, నాలుగు గొంతుల హాలీ కార్బొరేటర్ ఉన్న హాట్ రాడ్ నడుపుతాను. నా కారులో 6 పీఎస్‌ఐ పెట్టాను, ఆ జాతి కార్బొరేటర్లు 5 నుంచి 7 వరకు భరిస్తాయి. ఇక్కడి వీడియోలు చూసి మనవాళ్లు అదే అంకెను రెండు గొంతుల చిన్న కార్బొరేటర్లకు పెట్టేస్తున్నారు, అది సరికాదు. వెబర్ సైడ్ డ్రాఫ్ట్ రకాలకు 3 నుంచి 3.5, ఎస్‌యూ రకాలకు అంతకంటే తక్కువ చాలు. మీ ఇంజిన్‌కు 2.5 దగ్గర మొదలుపెట్టి 3 దాటకుండా చూసుకోండి.

రెగ్యులేటర్ కొనేవారు దాని పరిధిని కూడా గమనించాలి. హాలీ వారి రెగ్యులేటర్లలోనే 12-803 అన్నది 4.5 నుంచి 9 వరకూ, 12-804 అన్నది 1 నుంచి 4 వరకూ పనిచేస్తాయి. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, లోపలి స్ప్రింగు వేరు. మొదటిదాన్ని ఎంత వదులు చేసినా 3కు దిగదు. అలాగే వారి ఎర్ర పంపు 7 పీఎస్‌ఐకి, నీలి పంపు 14 పీఎస్‌ఐకి అమర్చి వస్తాయి. నీలి పంపుకు రెగ్యులేటర్ తప్పనిసరి. ఇక్కడ హాట్ రాడ్ వాళ్లు కూడా కార్బొరేటర్ బండికి ఇంజెక్షన్ పంపు పెట్టరు, పెడితే మిగులు పెట్రోలు వెనక్కి పోయేలా ట్యాంకు దాకా పెద్ద రిటర్న్ లైను వేస్తారు.

గట్టుమీద జీపు (భీమవరం)

అందరికీ ధన్యవాదాలు. నా సందేహం ఇది: ఇప్పుడున్న పంపునే ఉంచి ఈ రెగ్యులేటర్ పెట్టకూడదా? రెగ్యులేటర్ మీది స్క్రూ తిప్పితే 43 కూడా 3 అవుతుంది కదా?

కోరంగి దారి (కాకినాడ)

కాదండి. మీరు కొన్నది దారి మూసే రకం, అంటే కావలసిన పీడనం రాగానే లోపలి వాల్వును డయాఫ్రమ్ మూసి పట్టుకుంటుంది. పంపు నుంచి వచ్చే అదనపు పెట్రోలుకు అందులో వెనక్కి పోయే దారి లేదు. అలాంటి వాల్వుకు ఒక పక్క 43, మరో పక్క 3 ఉంటే అది ఏ కొంచెం కారినా ఐడిల్‌లో పీడనం నెమ్మదిగా పైకి పాకుతుంది. పైగా ఇంజెక్షన్ పంపులు పెట్రోలులో మునిగి చల్లబడుతూ పనిచేసేలా తయారవుతాయి కాబట్టి, ఛాసిస్ మీద గాలిలో బిగించి, ముందుకు దారి మూసేసి నడిపితే ఎక్కువ కాలం నిలవవు.

ప్రవాహం సంగతి కూడా చూడండి. సుమారు 85 హార్స్‌పవర్ ఇచ్చే పెట్రోలు ఇంజిన్ పూర్తి బలంతో లాగుతున్నప్పుడు గంటకు 25 లీటర్లకు కాస్త అటూ ఇటూ తాగుతుంది. ఐడిల్‌లో ఒక లీటరు ప్రాంతం. ఇంజెక్షన్ పంపు గంటకు 80, 100 లీటర్లు తోస్తుంది. ఆ మిగులంతా ఎక్కడికో పోవాలి. రిటర్న్ దారి ఉన్న బైపాస్ రకం రెగ్యులేటర్ వేసినా, దాని రిటర్న్ రంధ్రం, పైపు తగినంత పెద్దవి కాకపోతే స్క్రూ పూర్తిగా వదిలేసినా పీడనం 5, 6 కంటే దిగదు.

కాబట్టి తక్కువ పీడనం పంపు కొనండి. చదరపు డబ్బాలా ఉండే ఫాసెట్ తరహా పంపుల్లో 4 పీఎస్‌ఐ దాటని రకాలూ, 7 దాకా ఇచ్చే రకాలూ ఉన్నాయి, పెట్టె మీద చూసి మొదటి రకమే తీసుకోండి. నిజం చెప్పాలంటే ఆ పంపుతో రెగ్యులేటర్ లేకపోయినా చాలా బండ్లు నడుస్తాయి. అయితే మీరు ఇప్పటికే కొన్నారు కాబట్టి, బ్యాటరీ వోల్టేజి మారినా పీడనం మారకుండా ఉంటుంది కాబట్టి, పెట్టుకోండి.

ఆ రెండో అవుట్‌లెట్‌ను బిరడాతో మూసేయకండి. అసలు ఉపయోగం దానిలోనే ఉంది. ఒక అవుట్‌లెట్‌ను కార్బొరేటర్‌కు ఇచ్చి, రెండోదానికి 1 మిల్లీమీటరు రంధ్రం చేసిన ఇత్తడి జెట్ పెట్టి ట్యాంకుకు రిటర్న్ లైను వేయండి. 3 పీఎస్‌ఐ వద్ద ఆ రంధ్రం గుండా గంటకు సుమారు 15 లీటర్లు వెనక్కి పోతుంది. ఇంజిన్ తాగే 25తో కలిపితే 40, మంచి చిన్న పంపుకు అది భారం కాదు. దీనివల్ల రెండు లాభాలు. మొదటిది, ఐడిల్‌లో కూడా రెగ్యులేటర్ వాల్వు కొద్దిగా తెరిచే ఉంటుంది కాబట్టి పీడనం పైకి పాకదు. రెండోది మీ వేడి స్టార్టింగ్ జబ్బుకు మందు. ఇంజిన్ ఆపాక బానెట్ కింద వేడి పెరిగి, రెగ్యులేటర్‌కూ కార్బొరేటర్‌కూ మధ్య చిక్కుకున్న పెట్రోలు వ్యాకోచించి నీడిల్‌ను తోసి గిన్నెను పొంగిస్తుంది. రిటర్న్ దారి ఉంటే ఆ పీడనం ట్యాంకులోకి జారిపోతుంది. మన కోస్తా ఎండల్లో ఇది చిన్న విషయం కాదు.

వశిష్ఠ ఒడ్డు గారి జెట్‌కు కూడా ఈ విధంగా ఒక ఉద్యోగం దొరికింది, కాకపోతే రిటర్న్‌లో.

వశిష్ఠ ఒడ్డు (నరసాపురం)

సంతోషం అండి. జెట్ ఉద్యోగంలో చేరింది కాబట్టి నేను ఒక ప్రశ్న అడుగుతాను. పెట్రోలు వస్తోందో లేదో కనిపించేలా తాపీ మేస్త్రీలు వాడే తెల్లటి లెవెల్ పైపు వేస్తే బాగుంటుంది కదా?

లేతు మాస్టారు (తణుకు)

లెవెల్ పైపూ వద్దు, గ్యాసు పొయ్యి పైపూ వద్దు. పారదర్శకమైన ఆ పీవీసీ పైపులోని మెత్తదనాన్నిచ్చే పదార్థాన్ని పెట్రోలు లాగేస్తుంది. కొన్నాళ్లకు పైపు పసుపు రంగుకు తిరిగి, గాజులా బిగుసుకుని, క్లిప్పు దగ్గర పెటపెట విరుగుతుంది. పొయ్యి పైపు వాయువు కోసం చేసినది, ద్రవ పెట్రోలుకు లోపలి పొర ఉబ్బిపోతుంది.

ఇక అసలు ప్లంబింగ్‌కు వద్దాం. నా పని ఇదే కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను, ఓపికగా చదవగలరు.

సరఫరాకూ రిటర్న్‌కూ 8 మిల్లీమీటర్ల ఉక్కు గొట్టం వాడండి. బ్రేకు పైపులకు వాడే, పైన రాగి పూత ఉన్న ఉక్కు గొట్టం దొరుకుతుంది. మనది ఉప్పుగాలి ప్రాంతం కాబట్టి బిగించాక పెయింటు వేయించండి. ఫ్రిజ్ మెకానిక్కుల దగ్గర దొరికే మెత్తటి రాగి గొట్టం వంచడానికి తేలికగా ఉంటుందని చాలామంది అదే వేస్తారు. అది కాలువ గట్ల మీది కుదుపులకు క్రమంగా గట్టిపడి ఫ్లేర్ (గరాటులా విప్పార్చిన గొట్టం చివర) మొదట్లో చీలుతుంది, పైగా రాగి తగిలిన పెట్రోలులో జిగురు త్వరగా పడుతుంది.

ఫ్లేర్ కోణం గురించి ఒక హెచ్చరిక. ఫ్రిజ్ మెకానిక్ పనిముట్టు 45 డిగ్రీల ఫ్లేర్ కొడుతుంది. మీరు ఆన్‌లైన్‌లో తెప్పించే ఏఎన్ అనే అమెరికా రకం ఫిట్టింగులు 37 డిగ్రీలవి. రెండూ చేతికి బాగానే బిగుస్తాయి, కళ్లకు తేడా తెలియదు, కానీ సన్నటి గీత మీద మాత్రమే ఆనుతాయి కాబట్టి ఊటలా కారుతూనే ఉంటాయి. ఎంత బిగిస్తే అంత పాడవుతాయి. ఉక్కు గొట్టానికి ఒంటి ఫ్లేర్ చీలే ప్రమాదం ఉంది కాబట్టి రెండు మడతల ఫ్లేరే కొట్టించాలి. రబ్బరు హోస్ తొడిగే చోట ఫ్లేర్ అక్కర్లేదు, గొట్టం చివర చిన్న ఉబ్బు తీస్తే చాలు. నున్నటి గొట్టం మీద హోస్ తొడిగి క్లిప్పును నమ్ముకోవద్దు.

మర సంగతి ఇంకా చిక్కు. అమెరికా రెగ్యులేటర్లకు సాధారణంగా 3/8 ఎన్‌పీటీ (అమెరికా గొట్టాల కొలత) మర ఉంటుంది, గేజికి 1/8 ఎన్‌పీటీ. మన శానిటరీ షాపుల్లో దొరికే ఇత్తడి సామానుకు బీఎస్‌పీ (బ్రిటిష్ కొలత) మర ఉంటుంది. 3/8 ఎన్‌పీటీకి అంగుళానికి 18 మరలు, 3/8 బీఎస్‌పీకి 19. 1/8 కొలతలో అవి 27, 28. రెండు మూడు చుట్లు హాయిగా తిరిగి ఆ తరవాత పట్టేస్తుంది, బిగిసిందనుకుంటాం. రెగ్యులేటర్ ఒళ్లు అల్యూమినియం కాబట్టి అక్కడ ఇంకొంచెం బలం చేస్తే పగులుతుంది. మర గేజి పెట్టి చూడనిదే ఏ ఫిట్టింగూ బిగించవద్దు. సరైనది దొరకకపోతే ఇత్తడి కడ్డీ మీద లేతు షాపులో ఎన్‌పీటీ మర తీయించుకోండి, అది పెద్ద పని కాదు.

ఎన్‌పీటీ మరకు పెట్రోలును తట్టుకునే ద్రవ సీలెంటు రాయాలి, అదీ మొదటి మర వదిలేసి. ప్లంబర్లు చుట్టే తెల్లటి టెఫ్లాన్ టేపు పోగులు తెగి పెట్రోలుతో పాటు వెళ్లి నీడిల్ సీటులో కూర్చుంటాయి. రెగ్యులేటర్ పెట్టాక కూడా కార్బొరేటర్ పొంగుతోందని నా దగ్గరకు వచ్చిన బండ్లలో నీడిల్ విప్పి చూస్తే చాలాసార్లు కనిపించేది ఈ తెల్ల దారమే. ఫ్లేర్ జాయింట్లకైతే ఏ సీలెంటూ వద్దు.

హోసుల మాట. పెట్రోలులో ఇథనాల్ వాటా పెరిగాక పాత రకం రబ్బరు పనికిరావడం లేదు. మన దేశంలో ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలైంది, ఇప్పుడు బంకుల్లో మామూలుగా దొరికేది అదే. మీ పాత పంపు డయాఫ్రమ్ చిరగడానికి వయసుతో పాటు అదీ ఒక కారణం కావచ్చు. హోస్ మీద ఎస్‌ఏఈ జే30 ఆర్9 అని అచ్చు ఉన్నది తీసుకోండి. ఖరీదు ఎక్కువే, కానీ మొత్తం కలిపి ఒక మీటరుకు మించి అక్కర్లేదు, మిగతాదంతా ఉక్కు గొట్టమే కదా. క్లిప్పులు కూడా హోసును కోసే గాట్లున్నవి కాకుండా, పట్టీ నున్నగా చుట్టూ సమంగా నొక్కే ఇంజెక్షన్ రకంవి వాడండి.

సీతానగరం ఎలక్ట్రికల్స్ (రాజమహేంద్రవరం)

పైపుల గురించి మాస్టారు గారు చెప్పాక నేను కలపవలసింది లేదు. వైరింగ్ గురించి మాత్రం ఎవరూ అడగలేదు. ఇగ్నిషన్ తాళం నుంచి పంపుకు నేరుగా వైరు లాగేస్తే, బండి బోల్తా పడి ఇంజిన్ ఆగిపోయినా పంపు పెట్రోలు చిమ్ముతూనే ఉంటుంది. పాత యాంత్రిక పంపుకు ఆ ప్రమాదం లేదు, ఇంజిన్ ఆగితే అదీ ఆగేది. ట్యాంకు మీ సీటు కిందే ఉందని మరచిపోవద్దు.

తేలికైన దారి ఆయిల్ ప్రెజర్ స్విచ్‌తో కలపడం. మన బండ్లలో ఆయిల్ దీపానికి ఉండే స్విచ్, పీడనం లేనప్పుడు వైరును ఎర్త్ చేస్తుంది. ఐదు కాళ్ల రిలే తీసుకుని కాయిల్ ఒక చివర ఇగ్నిషన్‌కు, మరో చివర ఆ స్విచ్‌కు కలిపి, పంపును 87ఏ కాలికి (కాయిల్‌కు కరెంటు లేనప్పుడు కలిసి ఉండే కాలికి) ఇస్తే, ఆయిల్ పీడనం ఉన్నంతసేపే పంపు నడుస్తుంది. స్టార్ట్ చేసేటప్పుడు పీడనం ఉండదు కాబట్టి స్టార్టర్ సొలనాయిడ్ నుంచి డయోడ్ గుండా పంపుకు ఇంకో దారి ఇవ్వాలి. డయోడ్ లేకపోతే నడుస్తున్న పంపు కరెంటు వెనక్కి వెళ్లి స్టార్టర్‌ను లాగుతుంది. అయితే ఈ పద్ధతిలో ఒక లోటు ఉంది. ఆయిల్ స్విచ్ వైరు తెగిపోతే పీడనం ఉన్నట్టే లెక్క, పంపు ఆగదు. అందుకని నేను దెబ్బ తగిలితే తెగే ఇనర్షియా స్విచ్‌ను కూడా వరసలో పెడతాను. పాత కార్ల విడిభాగాల్లో దొరుకుతుంది. చిన్న పంపు 2 ఆంపియర్లలోపే తీసుకుంటుంది కాబట్టి 5 ఆంపియర్ల ఫ్యూజు చాలు. పంపు ఎర్త్‌ను పెయింటు గీకిన ఛాసిస్ మీద విడిగా బిగించండి.

వేదిక నిర్వాహకుడు

రిటర్న్ లైను కోసం ట్యాంకుకు గొట్టం అతికించే ఆలోచన ఎవరికైనా ఉంటే ఒక మాట. పెట్రోలు తీసేసిన ట్యాంకు, నిండు ట్యాంకు కంటే ప్రమాదకరం, ఎందుకంటే పేలేది ద్రవం కాదు, ఆవిరి. వెల్డింగూ, టంకమూ పెట్టవద్దు. ఫ్లోటు గేజి బిగించే పలకను విప్పి, బయటకు తెచ్చి, దానికే రంధ్రం చేసి నట్లతో బిగించే ఫిట్టింగ్ వేయండి. అలాగే ఈ పనిని షెడ్డులో గుంత ఉన్న చోట చేయకండి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది కాబట్టి గుంతలో చేరి నిలుస్తుంది. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ వైరు విప్పాలి.

గట్టుమీద జీపు (భీమవరం)

పని పూర్తయింది. ఎలా అమర్చామో రాస్తున్నాను, లోటు ఉంటే చెప్పగలరు.

తక్కువ పీడనం పంపును ట్యాంకు అడుగు మట్టానికి కింద, ఛాసిస్ లోపలి వైపు రబ్బరు బుష్‌ల మీద బిగించాము. పంపుకు ముందు ముతక ఫిల్టరు, తరవాత సన్నటి ఫిల్టరు ఉన్నాయి. సరఫరా, రిటర్న్ గొట్టాలు రెండింటినీ సైలెన్సర్ పైపు లేని ఎడమ పట్టీ వెంట తెచ్చాము. రెగ్యులేటర్‌ను ఇంజిన్‌కు కాకుండా ఫైర్‌వాల్‌కు (ఇంజిన్‌కూ సీట్లకూ మధ్య ఉండే రేకుకు) బిగించాము. డయాఫ్రమ్ చిరిగితే దాని ఊపిరి రంధ్రంలోంచి పెట్రోలు కారుతుందని షెడ్డు పెద్దాయన చెప్పడంతో, ఆ రంధ్రం కింద డిస్ట్రిబ్యూటర్ గాని, ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ గాని లేని చోటు చూశాము. రెండో అవుట్‌లెట్‌కు 1 మిల్లీమీటరు జెట్ పెట్టి రిటర్న్ లైను వేశాము, అది ఫ్లోటు పలక మీది ఫిట్టింగ్ ద్వారా పెట్రోలు పీల్చే గొట్టానికి దూరంగా ట్యాంకులో పడుతోంది. తణుకులో తీయించిన ఇత్తడి ఫిట్టింగులు చక్కగా కుదిరాయి.

స్క్రూను పూర్తిగా వదులు చేసి, ఇంజిన్ నడుస్తుండగా ఐడిల్‌లో కొద్దికొద్దిగా బిగిస్తూ 2.5 దగ్గర లాక్ నట్ వేశాము. 0 నుంచి 15 వరకు చూపే చిన్న గేజిని తాత్కాలికంగా పొడవైన హోసుతో బానెట్ అంచు మీదికి తెచ్చి, అద్దం బయట కనిపించేలా టేపుతో అంటించి, పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన దాటి రాజోలు వరకు వెళ్లివచ్చాను. వంతెన ఎక్కేటప్పుడు మూడో గేరులో పూర్తిగా తొక్కినా ముల్లు 2 కంటే దిగలేదు. రాజోలులో వేడిగా ఆపి, టీ తాగి వచ్చి సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంది. పొగ పోయింది. అయితే ఎక్కువ వేగంలో ఇంజిన్ కాస్త ఆకలిగా ఉన్నట్టు, తేలిగ్గా వెనక్కి లాగుతున్నట్టు అనిపిస్తోంది. పీడనం 3.5 చేయనా?

కోరంగి దారి (కాకినాడ)

చేయవద్దండి. పూర్తి భారంలో 2 నిలిచింది అంటే గిన్నెలో పెట్రోలుకు లోటు లేదు. పీడనం పెంచితే గిన్నె మట్టం కాస్త పెరిగి కొంచెం చిక్కబడినట్టు అనిపిస్తుంది గాని అది దొంగ వైద్యం, ఐడిల్ పాడవుతుంది. మీరు చెప్పే ఆకలి ఈ20 వల్ల అయి ఉంటుంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంది కాబట్టి పాత జెట్లతో మిశ్రమం పలచబడుతుంది. ముందు స్పార్క్ ప్లగ్గుల రంగు చూడండి. వేగంగా నడిపి, గేరు తీసి, ఇంజిన్ అక్కడే ఆపి విప్పితే పింగాణీ తెల్లగా ఉంటే మెయిన్ జెట్ ఒక సైజు పెంచండి. దానికి ముందు ఫ్లోటు మట్టం కొలిపించండి, 43 పీఎస్‌ఐ దెబ్బలకు ఫ్లోటు నాలుక వంగి ఉండవచ్చు.

గేజిని అద్దం బయట ఉంచడం పరీక్షకు సరే. శాశ్వతంగా పెట్రోలు పైపును డాష్‌బోర్డు మీది గేజికి మాత్రం తేవద్దు. రెగ్యులేటర్ మీదే ఒక చిన్న గేజి పెట్టి వదిలేయండి. గ్లిజరిన్ నింపిన గేజి అయితే బానెట్ కింద వేడెక్కినప్పుడు తక్కువ చూపిస్తుంది, చల్లగా ఉన్నప్పుడు చూసిన అంకెనే నమ్మండి. ముందు ముందు భారంలో ముల్లు 1.5 కంటే దిగడం మొదలైతే రెగ్యులేటర్ స్క్రూ ముట్టుకోకుండా ఫిల్టర్లు మార్చండి.

లేతు మాస్టారు (తణుకు)

జీపును ముసురు రోజుల్లో కదపకుండా ఉంచేటట్టయితే ట్యాంకు నిండుగా ఉంచండి. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది, సగం ఖాళీ ట్యాంకులో ఆ తేమ ఎక్కువ చేరుతుంది. నీరు విడిపోతే మొదట తుప్పు పట్టేది ట్యాంకు అడుగు, ఆ తుప్పు వచ్చేది మీ ముతక ఫిల్టరుకు.

పాత అంబాసిడర్ (అమలాపురం)

చర్చ అంతా చదివాను. నా అంబాసిడర్‌కు పాత 1489 సీసీ ఇంజినే ఉంది, యాంత్రిక పంపు బాగానే పనిచేస్తోంది. నేను కూడా రెగ్యులేటర్ పెట్టుకోవాలా?

లేతు మాస్టారు (తణుకు)

అక్కర్లేదండి. ఆ పంపు స్ప్రింగు బలమే దాని రెగ్యులేటర్, గిన్నె నిండితే డయాఫ్రమ్ తనంతట తానే ఆగుతుంది. మీరు ఆ డబ్బును ఈ20ని తట్టుకునే డయాఫ్రమ్ కిట్టుకూ, కొత్త హోసుకూ పెట్టండి. పంపు అడుగున ఉన్న చిన్న రంధ్రంలోంచి పెట్రోలు చెమ్మ కనిపించిన రోజున మాత్రం బండిని బయటకు తీయకండి, ఆ పంపు పగిలిన డయాఫ్రమ్ గుండా పెట్రోలును ఇంజిన్ ఆయిల్‌లోకి కూడా వదులుతుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తే తెలిసిపోతుంది.